బూరుగును నిందింపదగునా?

లోకమున అపకీర్తి మోయుచున్న వృక్షములలో బూరుగునకు అగ్రస్థానము చెల్లును. ముండ్లచెట్టని కొందరు, నీడ యీయని చెట్టని కొందరు, పొయ్యిలోనికైనను నిలువని కట్టెయని కొందరు దానిని తీసిపారవేయుదురు. వీనికంటె పెద్దనింద మరియొకటి కలదు. ఒక చిలుక ఆ చెట్టు కాయలను చూచి, పండిన పిమ్మట తినవచ్చునని ఆశపడి, కొమ్మను వదలక దినముల తరబడి కనిపెట్టుకొని యుండెనట. తుదకు కాయ పగిలెను. లోపల గుజ్జు లేదు, దూది యుండెను. అదియును గాలికి ఎగిరిపోయెను. చిలుకకు ఆకలియే మిగిలెను. మేము నివసించు తమిళసీమలో 'ఇలవు కాత్త కిళి' యన్నచో తెలియని వారుండరు. ఇలవనగా బూరుగు, కాత్త కిళి యనగా కాచుకొనియున్న చిలుక. ఫలింపని యాశకు అది మారుపేరు.

ఈ మాటను మేము చిన్ననాటి నుండి వినుచునే యున్నను, అందు తీర్పు చెప్పవలసిన వ్యాజ్య మొకటి దాగియున్నదని చాలకాలము మాకు తోచలేదు. చిలుక మోసపోయిన మాట నిజము. మోసగించిన దెవరు? చెట్టు మాట యిచ్చి తప్పెనా? ఒకరిపై ఆశ పెట్టుకొని, అది నెరవేరనప్పుడు, దోషము ఆశపడిన వారిదా, ఆశను తీర్పలేకపోయిన వారిదా? తల్లిదండ్రులు బిడ్డలను, గురువులు శిష్యులను, ఒక తరము మరియొక తరమును నిందించునప్పుడెల్ల ఈ ప్రశ్నయే లేచుచుండును.

మాకు ఈ యాలోచన కలిగిన సందర్భమును చెప్పుట అవసరము. కొన్నియేండ్ల క్రిందట మా పట్టణపు తెలుగువారు ఉగాదినాడు ఒకచోట చేరిరి. పచ్చడి పంచుట ముగిసినది. ఏటేట పంచాంగము చదువు పెద్దాయనకు అప్పుడే కంటికి శస్త్రచికిత్స జరిగియుండెను. ఆయన పుస్తకమును ముందు వరుసలో కూర్చున్న పిల్లల చేతికిచ్చి చదువుమనెను. అది ఒక చేతినుండి మరియొక చేతికి మారుచు వరుస చివరవరకు పోయి, మరల ఆయన యొడిలోనికే వచ్చెను. ఆ పిల్లలందరును ఇంట తెలుగు మాటలాడువారే. చదువనేర్చిన వారు ఒక్కరును లేరు. పెద్దాయన నిట్టూర్చి, "ఇలవు కాత్త కిళి కథే మనది" అనెను. సభ నవ్వెను. నవ్వినవారిలో మేమును ఉంటిమి. తెలుగు పోయినదని వగచుటకు సైతము ఆయన నోటికి తమిళపు సామెతయే వచ్చెనన్న సంగతి అప్పుడు మాలో నెవ్వరికిని తట్టలేదు.

భోజనముల వేళ ఆ వరుసలోని బాలిక యొకతె, పదునాలుగేండ్లుండును, విస్తళ్లు వేయుచు మాయొద్ద ఆగి మెల్లగా, "మా నాయనకే రాదు తాతా. ఎవర్నడిగి నేర్చుకునేది?" అనెను. మేము ఏదో చెప్పబోయి మానుకొంటిమి. మా కుమార్తెకును తెలుగు చదువుట రాదు. ఆమెకు నేర్పవలసిన వారము మేమే.

వ్యాజ్యమున తీర్పు చెప్పుటకు ముందు ప్రతివాదిని ఎరుగుట ధర్మము. మేమును, మాతోపాటు నవ్వినవారును బూరుగుచెట్టును సామెతలోనే చూచితిమి గాని, చెరువుగట్టున నున్న చెట్టును సరిగా చూచినవారము కాము. ఆ యుగాది తరువాత చూచుట ప్రారంభించితిమి.

తెలుగున బూరుగు, కన్నడమున బూరుగ, తమిళమున ఇలవు, ఒడియాలో శిమిళి, మరాఠీలో సావర, సంస్కృతమున శాల్మలి. మన తెలుగువారు వలసపోయి నిలిచిన యీ సీమలన్నిటను ఈ చెట్టు మనకంటె ముందే నిలిచియున్నది. ఒడిశాలోని మయూరభంజమున సిమిలిపాల్ అడవులకు ఆ పేరు ఈ చెట్టువలననే వచ్చినదందురు. లేతవయసున దీని మ్రాను నిండ శంకువులవంటి ముండ్లుండును. వయసు ముదిరినకొలది మొదటి మ్రానుపై నున్నవి రాలిపోయి బెరడు నునుపుదేరును. మహావృక్షమైన పిమ్మట దాని మొదలు చుట్టును గోడలవలె లేచి, ఇరువది ముప్పది మీటర్ల యెత్తైన దేహమును నిలబెట్టును.

శీతకాలమున ఈ చెట్టు ఆకులన్నిటిని రాల్చివేయును. మాఘ ఫాల్గుణములలో, ఒక్క ఆకైనను లేని కొమ్మలపై, అరచేయంతటి ఎఱ్ఱని పూలు విరియును. అయిదు దళసరి రేకులు; నడుమ కేసరముల గుత్తి; పూవు అడుగున గిన్నెలో నీరు నిలిచినట్లు తేనె. అప్పుడు ఆ చెట్టు పక్షులకు సత్రమగును. గోరువంకలు, కాకులు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, ఉడుతలు తెల్లవారుజాము నుండియే చేరును. రాత్రి గబ్బిలముల వంతు. అడవులలో రాలిన పూలకొరకు దుప్పులు చెట్టుక్రిందికి వచ్చును. ఇంకొక సంగతి: ఆ సత్రమునకు చిలుకలును వచ్చును. కథలోని చిలుక తేనె నిండిన పూలను దాటిపోయి కాయకొరకు కూర్చుండెనన్నమాట. విందు జరుగుచున్నప్పుడు రాక, విస్తళ్లెత్తిన పిమ్మట వచ్చి అన్నము లేదని అలిగిన అతిథివంటిది అది.

కాయ చైత్రము దాటిన పిమ్మట ముదిరి అయిదు పలకలుగా పగులును. లోపల పట్టువంటి దూది, దాని నడుమ నల్లని గింజలు. ఆ దూది వడకుటకు పనికిరాదు. పత్తినార ఆరునప్పుడు చప్పబడి మెలిదిరుగును. ఆ మెలికలవలననే ఒక నార మరియొక నారను పట్టుకొని నూలగును. బూరుగునార గుండ్రనిది, నునుపైనది, లోపల బోలు. ఒకదానినొకటి పట్టుకొనదు. అయితే ఏ గుణము దానిని మగ్గమునకు దూరము చేసెనో, ఆ గుణమే దానిని దిండునకు దగ్గర చేసెను. తడిని తొందరగా పీల్చదు, నీటిపై తేలును. దీని చుట్టమైన తెల్లబూరుగు దూదిని రెండవ ప్రపంచయుద్ధకాలమున నావికుల రక్షణ కవచములలో నింపిరి. మునుగుచున్న మనుష్యుని తేల్చిన వస్తువును ఎందుకును కొరగానిదని యెట్లందుము? దీని తేలికకట్టె అగ్గిపుల్లలకు, పెట్టెలకు ఉపయోగపడినది. దీని బంకను మోచరసమని వైద్యులు ఔషధముగా వాడిరి. అమరసింహుడు ఈ చెట్టునకు చెప్పిన పేర్లలో 'పూరణి' యొకటి, 'స్థిరాయువు' మరియొకటి. పూరణి యనగా నింపునది. స్థిరాయువనగా చిరకాలము బ్రతుకునది. నిఘంటుకర్త ఆ చెట్టును దానియందు లేనిదానితో కాక, ఉన్నదానితో పిలిచెను.

కవులును అంతే. హితోపదేశమున మొదటి భాగమైన మిత్రలాభకథ గోదావరీ తీరమున నున్న విశాలమైన బూరుగుచెట్టుతోనే ఆరంభమగును. నానాదిక్కుల నుండి వచ్చిన పక్షులు రాత్రి దానిపై నివసించునని అందు చెప్పబడినది. ఏడవ శతాబ్దమున బాణభట్టు రచించిన కాదంబరిలో కథ చెప్పు చిలుక పుట్టినది పంపాసరస్సు చేరువనున్న ముదుసలి బూరుగు తొఱ్ఱలోనే. వేటకాడు చెట్టెక్కి పిట్టలను చంపిన దినమున, తండ్రిచిలుక తన రెక్కలలో పొదువుకొనుటచే ఆ పిల్ల బ్రతికి బయటపడినది. మన వాఙ్మయమున రెండు చిలుకలున్నవన్నమాట. ఒకటి బూరుగును పండడిగినది, అది వంచితురాలయ్యెను. మరియొకటి బూరుగున ఇల్లు కట్టుకొన్నది. దానికి ఆశ్రయము దొరకెను. చెట్టు మారలేదు. అడిగినది మారినది.

దీనినిబట్టి చూడగా దోషము చిలుకదేయని తోచును. ఎవని స్వభావమును తెలిసికొనకుండ వానిపై మన కోరికను వ్రేలాడదీసి, అది నెరవేరనప్పుడు వాడు ద్రోహి యనుట న్యాయము కాదు. బూరుగు ఏనాడును పండిచ్చెదనని చెప్పలేదు. కాయ పచ్చగా, నిండుగా నుండుట వాగ్దానము కాదు. దానిని వాగ్దానముగా చదువుకొన్నది చిలుక.

ఇందులకు మన చేరువనే నిదర్శనమున్నది. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసెవల్ గ్రామమున, తెలుగు ఇంటిభాషగా గల కుటుంబమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ గారు తమిళమున మహారచయితయైరి. తెలుగునాటి నుండి దక్షిణమునకు తరలివచ్చి, అడవిని చదును చేసి ఊరు కట్టుకొన్న కుటుంబముల గాథను ఆయన 1976లో వెలువడిన 'గోపల్ల గ్రామం' నవలలో చెప్పిరి. దాని కొనసాగింపైన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. 2021లో ఆయన కీర్తిశేషులైరి. తెలుగుపుస్తకము కొరకు కనిపెట్టుకొన్న చిలుక యెవరైన నున్నచో, ఇది మన పండు కాదని ఎగిరిపోయి యుండును. కాని మన పూర్వుల వలసకథ అంత ఆప్యాయముగా నిలిచినది ఆ తమిళగ్రంథమునందే. తెలుగింటి బిడ్డ తమిళమున వ్రాసినంతమాత్రమున ఫలింపలేదని యెవరనగలరు?

ఇంతవరకు తీర్పు సులభమే. అయితే ఇక్కడనే ఆగినచో మేము మమ్ము వంచించుకొన్న వారమగుదుము. ఎవరినుండియు ఏమియు ఆశింపకుండుట వివేకమని చెప్పి చేతులు దులుపుకొనుట మిక్కిలి తేలిక. ఆశ సైతము ప్రేమయొక్క రూపమే. బిడ్డ ఏమైనను కానిమ్మని ఊరకుండు తండ్రి జ్ఞాని కాడు, ఉదాసీనుడు. ఫలాపేక్ష వలదని గీతలో చెప్పినవాడు కర్మను మానుమని చెప్పలేదు. కర్మను చేయించుటకే ఆ మాట చెప్పెను. ఈ దృష్టితో చిలుకకథను మరల చదివినచో, దాని దోషము ఆశపడుటలో లేదని తెలియును. అది చెట్టునకు నీరు పోయలేదు, కంచె కట్టలేదు, ఒక్క పురుగునైనను ఏరలేదు. కనిపెట్టుకొని కూర్చుండెను. కనిపెట్టుకొని యుండుటయే శ్రమయని భ్రమపడెను. మా యుగాదిసభలోని పెద్దలమందరమును ఏబదియేండ్లు చేసిన పని అదియే కాదా? పిల్లలకు తెలుగు వచ్చునని కనిపెట్టుకొంటిమి.

ఇక్కడ బూరుగుకాయ మాకు ఇంకొక పాఠము చెప్పినది. పత్తిలో నార విత్తనపు తోలునుండియే మొలచును. అందువలననే గింజనుండి దూదిని వేరుచేయుటకు అంత శ్రమ. బూరుగున అట్లు కాదు. అందలి దూది గింజకు పుట్టినది కాదు. కాయయొక్క లోగోడకు పుట్టినది. గింజ నున్ననిది, నల్లనిది. తనంతట తాను ఎగురలేనిది. అది యున్న యింటి గోడ లోవైపున పట్టునార మొలిపించి, దాని చుట్టును పరచి, కాయ పగిలినప్పుడు ఆ నారతోపాటు గాలికి అప్పగించును. గింజ దూరము పోగలిగినదన్నచో అది గోడ పెట్టిన పెట్టుబడి.

భాషయును ఇట్టిదే. అది రక్తమున పుట్టునది కాదు. తెలుగువారి యింట పుట్టిన శిశువు తెలుగుతో పుట్టదు. ఆ యింటి గోడల నడుమ వినవచ్చు మాటలు దానిని చుట్టుకొనును. మాట గోడనుండి వచ్చును. అక్షరమును గోడనుండియే రావలెను. మన పిల్లలకు మాట వచ్చి అక్షరము రాలేదన్నచో, గోడ సగము నారనే మొలిపించినదన్నమాట. ఆ సగము గింజ చేసిన తప్పా? ఉగాదినాడు మేము చిలుకలమనుకొని నవ్వితిమి. నిజమునకు మేము చెట్లము. ఆ బాలిక మాయొద్ద ఆగి అడిగినది ఇదియే.

పూర్వము ఇక్కడి తెలుగువారి గోడలు ఇంత పలుచగా లేవు. విజయనగరప్రభువుల కాలమునను, పిమ్మట మధుర తంజావూరు నాయకుల కాలమునను వచ్చిన కుటుంబములు తమతో పాటును, పద్యమును తెచ్చుకొన్నవి. కావేరీతీరమున తిరువైయారున జీవించిన త్యాగరాజస్వామి (1767–1847) ఇంటిభాషలో పాడిన పాటలను ఈనాటికిని తెలుగు రానివారు సైతము పాడుచున్నారు. గోడ యంత మందముగా నున్నప్పుడు దూది ఎంతదూరమైనను పోవును.

మరి ఈ గోడ పలుచనగుటకు కారణమేమి? అన్ని తప్పులను కాలముపై మోపుట పరిపాటి. పాఠశాల వేరుభాషది, ఉద్యోగము వేరుభాషది, బజారు వేరుభాషది, అవి నిజములే. అయితే మహాభారతపు శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన బూరుగుకథ యొకటి యున్నది. హిమవంతముపై నున్న శాల్మలి తనను గాలి ఏమియు చేయజాలదని నారదునితో గర్వముగా పలికెను. నారదుడు ఆ మాటను వాయుదేవునకు చేరవేసెను. వాయువు మరునాడు వచ్చి తన బలమును చూపెదనని చెప్పిపోయెను. రాత్రి చెట్టునకు భయము పుట్టెను. గాలి వచ్చులోపల తానే తన కొమ్మలను, ఆకులను, పూలను రాల్చుకొని నిలుచుండెను. తెల్లవారి వచ్చిన వాయువు దానిని చూచి నవ్వి, తాను చేయదలచినదానిని అదియే చేసికొన్నదని పలికెను.

మా తరమువారిలో పెక్కుమంది చేసినది ఇదియే. ఇంట తెలుగు చదివించినచో పిల్లవాడు బడిలో వెనుకబడునేమో, ఇరుగుపొరుగువారు పరాయివారిగా చూతురేమో యని భయపడితిమి. ఎవరును మాయింటికి వచ్చి పలకను లాగికొనలేదు. మేమే అటకపై పెట్టితిమి. గాలి వీచుటకు ముందే రాల్చుకొని, పిమ్మట గాలిని నిందించితిమి. అదియును చాలక రాలిన ఆకులను నిందించితిమి.

మరియొక దేశపు చెట్టును గూర్చి యొక్కమాట. అమెరికాలో నదులవెంబడి కాటన్‌వుడ్ అను మహావృక్షములు పెరుగును. అవి బూరుగునకు చుట్టములు కావు. ఆకు మాత్రము మన రావియాకువలె చిరుగాలికే గలగలలాడును. వేసవి ఆరంభమున లక్షలకొలది సన్నని గింజలు తెల్లని దూదితో మంచువలె ఎగురును. ఆ గింజకు ఆయువు మిక్కిలి స్వల్పము, వారమో రెండువారములో. ఆలోపల వరద తీసిన తడియొండ్రు దొరకినచో మొలచును, లేనిచో లేదు. ఆనకట్టలు కట్టి వరదలు ఆపిన నదులపై అనేకచోట్ల ముదుసలిచెట్లు గంభీరముగా నిలిచియున్నను, వాని క్రింద క్రొత్తమొలకలు కరవైనవి. దూరమునుండి చూచువారికి ఆ వనము క్షేమముగానే యున్నట్లు కనబడును. మన సంఘముల వార్షికోత్సవములను చూచినప్పుడు మాకు ఆ వనమే గుర్తుకువచ్చును. వేదికపై పెద్దలు నిండుగా నుందురు. పసితనమను తడియొండ్రు కొద్దియేండ్లే యుండునని, అది యారిన పిమ్మట ఎంత దూది యెగురవేసినను నేర్పుట కష్టమగునని మరచితిమి.

కావున తీర్పు ఇది. బూరుగును నిందింపరాదు, ఏలయన అది తనయందున్నదానిని దాచుకొనలేదు. చిలుకను ఆశపడినందులకు నిందింపరాదు. ఊరక కూర్చున్నందులకు నిందింపవచ్చును. బిడ్డలయెడ మన ధర్మము రెండువిధములు. వారెట్టి చెట్టులో తెలిసికొని, వారు పూచినప్పుడు ఆ తేనెను గ్రోలి సంతోషింపవలెను. అది తమిళమున పూచినను, కన్నడమున పూచినను, ఒడియాలో పూచినను మన పూవే. ఇక వారు ఎగురుటకు వలసిన నారను మన గోడలనుండి మనమే మొలిపింపవలెను. ఈ రెండవపని చేయనివారికి, మొదటిపనిలో లోపమెన్నుటకు అధికారము లేదు.

ఆ యుగాది తరువాత మేము మా యింటి వసారాలో ఆదివారము సాయంకాలములందు పలకలు పెట్టితిమి. మొదట పదునొకండుగురు వచ్చిరి. పిమ్మట పరీక్షలని, క్రికెట్టని నలుగురు మానిరి. మా కుమార్తె తన కుమారుని ప్రక్కన కూర్చుండి అఆలు దిద్దినది. నలుబదియేండ్లు దాటిన చేయి 'ఋ' వ్రాయుటకు పడిన కష్టమును చూచి మేము తల దించుకొంటిమి. అది మేము ముప్పదియైదేండ్ల క్రిందట పడవలసిన శ్రమ.

మొన్నటి యుగాదికి పెద్దాయన పంచాంగమును మరల ముందువరుసకు అందించెను. అది మూడవచేతి యొద్ద ఆగినది. నాడు విస్తళ్లు వేసిన బాలికయే లేచి చదివినది. ఆదాయ వ్యయముల పట్టికలో తడబడినది. 'రాజపూజ్యము' అను మాటను రెండుమార్లు కూడబలుకుకొన్నది. అది చదువుట ముగియువరకు పెద్దాయన కన్నులు మూసికొని వినెను. ఈసారి ఎవరును సామెత చెప్పలేదు.